చిన్న సినిమా తీయడం సరే, రెండోది ఎవరి డబ్బుతో?

ఉద్దానం_కుర్రాడు

నమస్తే అందరికీ. సొంతూరు పలాస పక్కన పల్లె, ఉద్యోగం గచ్చిబౌలిలో, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. చాలా కాలంగా రాసుకుంటున్న కథ ఒకటి ఉంది. జీడిపిక్కలు కొట్టే ఫ్యాక్టరీలో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ల కథ, రెండు గంటల లోపు సినిమా. మా ఊళ్లోనే, మా ఊరివాళ్లతోనే తీయాలని ఆలోచన. దాచుకున్నది పాతిక లక్షల దాకా ఉంది. అప్పు చేయను, ఇల్లు తాకట్టు పెట్టను, అది ముందే తేల్చుకున్నాం.

ఎలా తీయాలి అని అడగడం లేదు. ఏ కెమెరా, ఏ లెన్స్, ఫోన్‌తో తీయొచ్చా లాంటివాటికి వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. నేను అడిగేది ఇలా సొంత డబ్బుతో మొదటి సినిమా తీసినవాళ్లు ఆ తర్వాత ఏమయ్యారు అని. మొదటి సినిమా గురించి ఇంటర్వ్యూలు బోలెడు దొరుకుతాయి, మూడో సినిమా గురించి ఎవరూ మాట్లాడరు. మా ఆవిడ ఒక్క మాటే అడిగింది, "తీయండి, నేను వద్దనను, రెండోది ఎవరి డబ్బుతో తీస్తారు?" అని. నా దగ్గర జవాబు లేదు. మీలో ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లు చెప్పండి, ఇది కెరీరా, లేక ఒకసారి తీర్చుకునే సరదానా?

ఎడిట్_రూమ్

మీ ఇంట్లో అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. డైరెక్టర్ నాగేశ్ కుకునూర్ కెరీర్ మొత్తం ఒకసారి వరసగా చూడండి, సగం జవాబు అక్కడే ఉంది. ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్, తర్వాత అమెరికాలో జార్జియా టెక్, ఆపైన అక్కడే పర్యావరణ ఇంజినీర్‌గా ఉద్యోగం. ఆ జీతంలో మిగిల్చిన డబ్బుతో వచ్చి 1998లో 'హైదరాబాద్ బ్లూస్' తీశాడు. రాసింది, డైరెక్ట్ చేసింది, నటించింది అంతా తనే. 17 లక్షలు, 17 రోజుల షూటింగ్ అని అందరూ చెప్పుకుని అక్కడే ఆగిపోతారు. నాకు ఆసక్తి కలిగించేది ఆ తర్వాతి పాతికేళ్లు.

1999లో 'రాక్‌ఫర్డ్', 2001లో 'బాలీవుడ్ కాలింగ్', 2003లో '3 దీవారే'. ఇవన్నీ చిన్న సినిమాలే, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య పెద్ద గ్యాప్ లేదు గమనించండి. 2005లో 'ఇక్బాల్' దగ్గర బయటి నిర్మాత, సుభాష్ ఘై కంపెనీ వచ్చింది, అందులో నసీరుద్దీన్ షాకు జాతీయ అవార్డు కూడా వచ్చింది. మరుసటి ఏడాది 'డోర్'. అప్పుడు పెద్ద స్టార్ సినిమా దక్కింది, 2009లో అక్షయ్ కుమార్‌తో '8×10 తస్వీర్', అది ఆడలేదు. మళ్లీ చిన్నవాటికి వచ్చి 'ధనక్' తీస్తే 2015లో బెర్లిన్‌లో పిల్లల విభాగంలో బహుమతి. 2019 నుంచి 'సిటీ ఆఫ్ డ్రీమ్స్' సిరీస్, మూడు సీజన్లు. మధ్యలో 2022లో తెలుగులో 'గుడ్ లక్ సఖి' కూడా.

అంటే ఆయన బతికింది ఒక్క హిట్ మీద కాదు. కిందపడిన ప్రతిసారీ మళ్లీ చిన్న సినిమా తీయగలిగే పద్ధతి చేతిలో ఉంది కాబట్టి నిలబడ్డాడని నేను అనుకుంటాను. పైగా ఎక్కువగా స్క్రిప్టు తనే రాసుకుంటాడు. రాయగలిగిన డైరెక్టర్‌కి ఖాళీ టైమ్ ఖర్చు తక్కువ, రాయలేని డైరెక్టర్ ఖాళీగా ఉన్నన్నాళ్లూ రైటర్ కోసం, కథ కోసం ఎదురుచూస్తూ కృష్ణానగర్‌లో అద్దె కడుతూ కూర్చోవాలి.

మేనేజర్ బాబాయ్

17 లక్షలు, 17 రోజులు అనేది విని ఎంతమంది కుర్రాళ్లు ఇళ్లు గుల్ల చేసుకున్నారో నాకు తెలుసు, ప్రొడక్షన్‌లోనే తల నెరిసింది నాకు. ఆ 17 లక్షలు 1998 నాటివయ్యా. అప్పుడు ఫిల్మ్ కొనాలి, కడగాలి, ప్రింట్లు వేయాలి, ఇప్పుడు అవేం లేవు కదా అంటారు, నిజమే, కానీ అప్పటి లక్ష ఇప్పటి లక్ష ఒకటి కాదు. ఆ అమెరికా సినిమా 'ఎల్ మరియాచీ' కథ కూడా ఇంతే, 7 వేల డాలర్లలో తీశాడంటారు, దాని డైరెక్టర్ రాడ్రిగ్జ్ మందుల కంపెనీ ప్రయోగాలకి ఒళ్లు అప్పగించి అందులో కొంత డబ్బు తెచ్చుకున్నాడు, అదీ నిజమే. కానీ థియేటర్‌లో జనం చూసిన ప్రింటు వెనక కొలంబియా స్టూడియో వాళ్లు దానికి ఎన్నో రెట్లు ఖర్చు పెట్టారు. ఆ సంగతి ఎవరూ పోస్టర్ మీద వేయరు.

పాతిక లక్షలు అన్నావు కదా, అందులో పది పన్నెండు ఇప్పుడే వేరే అకౌంట్లో వేసి పాస్‌బుక్ మీ ఆవిడ చేతికి ఇవ్వు. అది షూటింగ్ డబ్బు కాదు. డీఐ (రంగులు సరిచేయడం), రీరికార్డింగ్ (నేపథ్య సంగీతం), మిక్సింగ్, సెన్సార్, డీసీపీ (థియేటర్లో వేసే డిజిటల్ ఫైల్), థియేటర్‌కి పంపే డిజిటల్ కంపెనీ చార్జీ, పోస్టర్లు, ట్రైలర్, వీటన్నిటికీ అది కావాలి. మన దగ్గర సింగిల్ స్క్రీన్‌లో చిన్న సినిమా వేసుకోవాలంటే చాలా చోట్ల వారం రెంట్ నువ్వే కట్టాలి, టికెట్లు తెగినా తెగకపోయినా. మల్టీప్లెక్స్‌లో రెంట్ ఉండదు, టికెట్ల డబ్బులో షేర్ ఉంటుంది, కానీ వాడు ఇచ్చేది పొద్దున పదిన్నర షో, సోమవారానికి అదీ ఉండదు. సినిమా తీసి హార్డ్ డిస్క్‌లో పెట్టుకుని తిరిగేవాళ్లు ఫిల్మ్ నగర్‌లో వీధికొకడు ఉన్నాడు. షూటింగ్ అయిపోయిన రోజు పార్టీ చేసుకుంటారు, అసలు ఖర్చు అక్కడి నుంచి మొదలు.

ఇంకో మాట. ఊరివాళ్లతో తీస్తే ఫ్రీ అనుకోకు. వాళ్ల కూలి పోతుంది. రోజూ బేటా (రోజు భత్యం) ఇవ్వాలి, భోజనం పెట్టాలి, మధ్యలో ఎవరింట్లోనో పెళ్లి వస్తే ఆ రోజు షూటింగ్ లేదు.

కంచర_ఫ్యాన్

బాబాయ్ గారు భయపెడుతున్నారు గానీ 'కేరాఫ్ కంచరపాలెం' సంగతేంటి? 2018లో వచ్చింది, వెంకటేష్ మహాకి మొదటి సినిమా, వైజాగ్ కంచరపాలెంలో అక్కడి మనుషులతోనే తీశాడు, దాదాపు అందరూ కొత్తవాళ్లే. నిర్మాత ప్రవీణ పరుచూరి గారు అమెరికాలో గుండె డాక్టర్, సినిమా వాళ్లు కూడా కాదు. ఇంటింటా మాట్లాడుకున్నారు ఆ సినిమా గురించి. ఉద్దానం బ్రదర్ అనుకుంటున్నది అచ్చంగా అదే పద్ధతి కదా.

ఎడిట్_రూమ్

కంచరపాలెం నాకూ ఇష్టమే, కానీ దాని నుంచి సగం పాఠమే తీసుకుంటున్నారు. ఆ సినిమా తయారయ్యాక రానా చూసి, నచ్చి, సురేష్ ప్రొడక్షన్స్ తరఫున విడుదల చేయించారు. థియేటర్లు, పబ్లిసిటీ, ఇండస్ట్రీ వాళ్లకి ముందుగా షోలు వేయడం, ఇదంతా వెనక ఒక పెద్ద సంస్థ ఉంటేనే జరిగేది. సినిమా బాగుండటం వల్లే ఆ తలుపు తెరుచుకుంది, ఒప్పుకుంటాను. కానీ తలుపు తెరుచుకోని మంచి సినిమాలు కూడా ఉన్నాయి, వాటి పేర్లు మనకి తెలియవు, అందుకే వాటిని ఉదాహరణగా చెప్పలేం.

ఆ తర్వాత మహా రెండో సినిమా చూడండి, 2020లో 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య', ఒక మలయాళం సినిమా రీమేక్, బాహుబలి తీసిన ఆర్కా మీడియా అందులో నిర్మాత, నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. మీ ఆవిడ గారి ప్రశ్నకి ఇది ఒక సూటి జవాబు. మొదటి సినిమా విజిటింగ్ కార్డు లాగా పనిచేసింది, రెండోదానికి వేరేవాళ్ల డబ్బు వచ్చింది, దాంతోపాటు వేరేవాళ్ల కథ కూడా వచ్చింది. అది తప్పని నేను అనను. ఇండిపెండెంట్‌గా ఉండటం, సినిమాలతో బతకడం రెండూ ఒకటే అనుకుని దిగితే మాత్రం కష్టపడతారు.

బూమ్_రాడ్_లక్ష్మి

నేను లొకేషన్ సౌండ్ చేస్తాను, ఎక్కువగా చిన్న సినిమాలే. పై వాళ్లు చెప్పినవి బాగున్నాయి గానీ డైరెక్టర్ రీమా దాస్ పేరు ఎవరూ ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. అస్సాంలో ఛయ్‌గావ్ దగ్గర సొంత ఊళ్లో, ఆ ఊరి పిల్లలతోనే 'విలేజ్ రాక్‌స్టార్స్' తీసింది. రాసింది, కెమెరా పట్టింది, ఎడిట్ చేసింది, డబ్బు పెట్టింది తనే. సౌండ్ పట్టింది వాళ్ల చుట్టాలమ్మాయి మల్లికా దాస్. 2017లో టొరంటోలో వేశారు, 2018లో జాతీయ ఉత్తమ చిత్రం, ఎడిటింగ్‌కి రీమాకి, లొకేషన్ సౌండ్‌కి మల్లికకి కూడా అవార్డులు, ఆ ఏడాది మన దేశం నుంచి ఆస్కార్‌కి వెళ్లింది కూడా ఆ సినిమానే. ఫిల్మ్ స్కూల్ గడప తొక్కని మనిషి.

నేను దాంట్లో చూసేది అవార్డుల్ని కాదు. యూనిట్ లేదు కాబట్టి రోజుకింత అని ఖర్చు లేదు. రోజు ఖర్చు లేదు కాబట్టి ఏళ్ల తరబడి తీయగలిగింది, వాన కావాలంటే వాన వచ్చేదాకా ఆగింది, వరద వస్తే వరద తీసింది. మనవాళ్లు చిన్న సినిమా అంటే పెద్ద సినిమాని కుదించి పదిహేను రోజుల్లో పరుగులు పెట్టి తీయడం అనుకుంటారు. ముప్పై మంది యూనిట్, రెండు వ్యాన్లు, జనరేటర్, దాంతో రోజు గడిచేకొద్దీ టెన్షన్. రీమా ఆ తర్వాత ఏడాదికే 'బుల్‌బుల్ కెన్ సింగ్', 2024లో 'విలేజ్ రాక్‌స్టార్స్ 2', ఇంకా తీస్తూనే ఉంది. రెండోది ఎవరి డబ్బుతో అంటే, రెండోదానికి ఎక్కువ డబ్బు అక్కర్లేకుండా చూసుకోవడం కూడా ఒక జవాబే అంటాను.

ఉద్దానం గారూ, మీరు ఉద్యోగం మానకండి. హాలీవుడ్ డైరెక్టర్ నోలన్ మొదటి సినిమా 'ఫాలోయింగ్' వారాంతాల్లోనే తీశాడు, ఏడాది పట్టింది, అందరికీ వేరే ఉద్యోగాలు ఉన్నాయి. ఫిల్మ్ వృథా కాకుండా ఉండాలని నటులతో ముందే బాగా రిహార్సల్ చేయించి ఒకటి రెండు టేకుల్లో ముగించేవాడు. మీకు ఫిల్మ్ ఖర్చు లేదు గానీ ఆ రిహార్సల్ అలవాటు అరువు తెచ్చుకోండి, ఊరివాళ్లతో చేసేటప్పుడు ఇంకా అవసరం.

కాగితాల సంగతి కూడా చెప్పాలి, దీని మీద నాకు కోపం ఉంది. నేను పనిచేసిన ఒక సినిమాని ఓటీటీకి ఇప్పిస్తానని మధ్యవర్తి కంపెనీ ఒకటి తీసుకుంది. డబ్బు ముందు ఇవ్వలేదు, చూసిన గంటల లెక్కన వాటా అన్నారు. అగ్రిమెంట్‌లో అన్ని భాషలు, అన్ని దేశాలు, పదేళ్లు అని రాసుకున్నారు, వాళ్ల ఖర్చులన్నీ పోను మిగిలినదాంట్లో మనకి వాటా అని ఇంకో లైను. ఆ ఖర్చులకి పరిమితి ఎక్కడా లేదు. సినిమా స్ట్రీమ్ అవుతోంది, జనం చూస్తున్నారు, డైరెక్టర్‌కి వచ్చే స్టేట్‌మెంట్‌లో ప్రతిసారీ బాకీ అతనిదే. ఎవరితో సంతకం పెట్టినా ఏ హక్కులు, ఎన్నేళ్లు, ఏ దేశాలు, ఖర్చులకి పరిమితి ఎంత, ఈ నాలుగూ చూసుకోండి. హిందీ డబ్బింగ్, రీమేక్ హక్కులు మాత్రం విడిగా మీ దగ్గరే ఉంచుకోండి.

ఉద్దానం_కుర్రాడు

ఇన్ని వస్తాయని అనుకోలేదు, థాంక్స్ అందరికీ. లక్ష్మి గారూ, ఓటీటీ గురించి మీరు చెప్పింది చదివి గుండె జారింది. మొత్తం సినిమా నేరుగా అమ్మేయడం కుదరదా, థియేటర్ గొడవ లేకుండా? ఇంకొకటి, ఊళ్లో తెలిసినవాళ్లు, కువైట్‌లో ఉన్న మావాళ్లు కొందరు తలా కొంత వేస్తామంటున్నారు. లాభం వస్తే పంచుకుందాం అని. తీసుకోవచ్చా?

మేనేజర్ బాబాయ్

ఓటీటీలు నేరుగా కొనేయడం కరోనా టైమ్‌లో బాగా నడిచింది, అప్పుడు వాళ్లకి సరుకు కావాలి. ఇప్పుడు ముందు థియేటర్‌లో వేసుకుని రమ్మంటున్నారు, పేరున్న మొహం ఎవరని అడుగుతున్నారు. కొంటారనే లెక్కతో బడ్జెట్ వేయకు. కొంటే పండగ చేసుకో.

లెక్కల_మాస్టారు

సీఏని, సినిమావాళ్ల ఆడిట్లు చేస్తుంటాను. చందా సంగతి మీద నేను చెప్తాను. కన్నడలో పవన్ కుమార్ 'లూసియా'ని ఇలాగే జనం డబ్బుతో తీశాడు, 2013లో వచ్చింది, 50 లక్షల చుట్టూ బడ్జెట్. ఆన్‌లైన్‌లో పిలుపు ఇస్తే పెట్టుబడి పెట్టినవాళ్లు ముందుకొచ్చారు. ఆ తర్వాత 'యూ టర్న్', దాన్నే తెలుగులో సమంతతో 2018లో తనే తీశాడు, ఆహాకి 'కుడి ఎడమైతే' సిరీస్ కూడా అతనే చేశాడు. కాబట్టి జనం డబ్బుతో సినిమా తీసి కెరీర్ కట్టుకున్న మనిషి పక్క రాష్ట్రంలోనే ఉన్నాడు. కేరళలో ఇంకా ముందు, 1986లో మలయాళ డైరెక్టర్ జాన్ అబ్రహాం (హిందీ నటుడు కాదు) 'అమ్మ అరియన్'కి ఊరూరా చందాలు వసూలు చేసి తీశారు, కానీ అక్కడ లాభం మాట లేదు. తీసిన సినిమాని జనానికే వేసి చూపించడం వాళ్ల ఉద్దేశం.

మీరు తేల్చుకోవాల్సింది ఇదే. ఉత్త చందాగా తీసుకుంటే పేరు టైటిల్స్‌లో వేస్తాం, సినిమా చూపిస్తాం అని చెప్పండి, లాభం అన్న పదం ఎక్కడా, వాట్సాప్‌లో కూడా, రాయకండి. లాభంలో వాటా ఇస్తామంటే అది పెట్టుబడి, దానికి చట్టం ఉంది. ప్రైవేట్ కంపెనీ పెట్టి షేర్లు ఇచ్చినా ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించి ఆఫర్ చేయకూడదు, అదీ పేరుపేరునా ఇవ్వాలి, ఫేస్‌బుక్‌లో బహిరంగంగా పిలుపు ఇవ్వకూడదు. ఇద్దరు ముగ్గురు దగ్గరివాళ్లే అయితే ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్య సంస్థ) పెట్టుకుని భాగస్వాములుగా చేర్చుకోవడం తేలిక. కువైట్ వాళ్లు ప్రవాసులు కాబట్టి వాళ్ల డబ్బు బ్యాంకు ద్వారానే రావాలి, ఏ లెక్కన వచ్చిందో కాగితం ఉండాలి. చుట్టాల డబ్బు అని నోటిమాట మీద తీసుకోకండి, సినిమా ఆడకపోతే కాదు, ఆడితేనే గొడవలు వస్తాయి.

మొదటి రోజు నుంచే సినిమాకి వేరే అకౌంట్, వేరే పేరు. మీ జీతం, సినిమా డబ్బు ఒకేచోట కలిస్తే రేపు అమ్మేటప్పుడు హక్కులు ఎవరివని తేల్చడానికి మళ్లీ నాలాంటి వాడికి ఫీజు కట్టాలి.

రాజ్_డీకే_భక్తుడు

ఒకటి కలపనా. రాజ్ నిడిమోరు, కృష్ణ డీకే ఇద్దరూ తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివి అమెరికాలో ఐటీ ఉద్యోగాలు చేసినవాళ్లే. అక్కడే 2003లో 'ఫ్లేవర్స్' తీశారు. తర్వాతి ఫీచర్ '99' వచ్చింది 2009లో! ఆరేళ్లు. 'ది ఫ్యామిలీ మ్యాన్' 2019లో. 2021లో కొత్తవాళ్లతో తెలుగులో 'సినిమా బండి'ని నిర్మించి నెట్‌ఫ్లిక్స్‌కి ఇచ్చింది కూడా వీళ్లే. రెండోదానికి ఆరేళ్లు పట్టినా ఏం కాలేదు, ఆలోచించకుండా దూకెయ్యి అన్నా.

ఎడిట్_రూమ్

@రాజ్_డీకే_భక్తుడు ఏం కాలేదు అని మనం 2019 తర్వాత కూర్చుని చెబుతున్నాం. 2006లో వాళ్లింట్లో వాళ్లని అడిగితే ఏమనేవారో.

ఉద్దానం గారూ, ఫెస్టివల్స్ గురించి కూడా ఎవరూ చెప్పలేదు కాబట్టి రెండు ముక్కలు. గోవాలో నవంబర్‌లో ఇఫీ (మన దేశపు అంతర్జాతీయ ఫిల్మ్ ఫెస్టివల్)తో పాటు ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్ఎఫ్‌డీసీ వాళ్ల ఫిల్మ్ బజార్ అనే సినిమా మార్కెట్ జరుగుతుంది, 2007 నుంచి ఉంది, ఇప్పుడు దాన్ని వేవ్స్ ఫిల్మ్ బజార్ అంటున్నారు. పూర్తి కాని సినిమాలకి కూడా అక్కడ చోటు ఉంది, రఫ్ కట్ (తొలి ఎడిట్) చూసి సలహా ఇచ్చే ల్యాబ్ ఉంది, వ్యూయింగ్ రూమ్‌లో పెడితే ఫెస్టివల్ ప్రోగ్రామర్లు వచ్చి చూసుకుంటారు. మీ రఫ్ కట్‌కి బయటి కళ్లు కావాలి, అవి మీ ఫ్రెండ్స్ కళ్లు కాకూడదు. అలాగే అన్ని ఫెస్టివల్స్‌కీ ఫీజులు కట్టుకుంటూ పోకండి. ఆన్‌లైన్‌లో ప్రతి వారం అవార్డులు పంచే ఫెస్టివల్స్ ఉన్నాయి, అవి బహుమతి గుర్తుగా ఇచ్చే ఆకుల బొమ్మలు పోస్టర్ మీద పది వేసుకున్నా కొనేవాడు చూడడు.

బూమ్_రాడ్_లక్ష్మి

ఇంకా షూటింగ్ మొదలవ్వలేదు కాబట్టి నా పని గురించి ఒక్కటి. టీ కొట్టు సీన్లలో వెనక రేడియోలో సినిమా పాట వస్తుంటే ఆపించండి. మీకు ఎంత సహజంగా అనిపించినా ఆ పాట హక్కులు మీవి కావు, అమ్మేటప్పుడు అది పట్టుకుంటారు, అప్పటికి డైలాగ్ మీద పాట కలిసిపోయి ఉంటుంది, విడదీయలేం. ఫ్యాక్టరీ లోపల నిజంగా తీస్తారా? పిక్కలు కొట్టే చప్పుడులో మాట వినపడదు. షూటింగ్ అనుకున్న రోజుల్లోనే ఒకసారి ఊరికే వెళ్లి ఫోన్‌లో ఐదు నిమిషాలు రికార్డ్ చేసి ఇక్కడ పెట్టండి, విని చెప్తాను.

ఉద్దానం_కుర్రాడు

పండక్కి ఊరెళ్తున్నాను, చేసి పెడతాను. ఉద్యోగం మానట్లేదు, అది ఇవాళ ఇంట్లో చెప్పేశాను. పదిహేను రోజులు ఒకే దెబ్బలో తీసేద్దామని వేసిన షెడ్యూల్ కూడా చించేసి సెలవులు చూసుకుంటూ మళ్లీ వేస్తున్నాను. కువైట్ వాళ్లలో ఒక్క బావతోనే కాగితం మీద వెళ్దామనుకుంటున్నా, మిగతావాళ్లకి వద్దని చెప్పాలి, ఎలా చెప్పాలో తెలియట్లేదు. మాస్టారూ, ఎల్ఎల్‌పీలో ప్రవాసి భాగస్వామిగా ఉండటానికి ఇంకేం కాగితాలు కావాలి?

లెక్కల_మాస్టారు

పాన్, పాస్‌పోర్ట్, అక్కడి అడ్రస్ ప్రూఫ్, ఇక్కడి ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ అకౌంట్ (ప్రవాసులకి బ్యాంకులు ఇచ్చే ఖాతాలు) వివరాలు ముందు సిద్ధం చేయమనండి. ఏ అకౌంట్ నుంచి వేస్తారన్నదాన్ని బట్టి తర్వాత ఆ డబ్బు మళ్లీ బయటికి తీసుకెళ్లే పద్ధతి మారుతుంది, కాబట్టి వేయక ముందే అడగండి. ఎల్ఎల్‌పీ పేరు సినిమా పేరుతో పెట్టకండి, రెండో సినిమాకి కూడా అదే వాడుకోవచ్చు.